మెడకీ మైగ్రేన్‌కీ చుట్టరికం ఉందా?

ఏమర్రా చెల్లాయిలూ, "మైగ్రేన్‌కి ఫిజియోథెరపీ చేయించుకోమంటున్నారక్కా, వెళ్లమంటావా?" అని అడుగుతున్నారు కదూ! అందరికీ అక్కర్లేదు. కొందరికి మాత్రం బాగానే అక్కరకొస్తుంది. ఆ కొందరిలో మీరున్నారో లేదో చూసుకోవాలి.

మైగ్రేన్‌తోపాటు మెడ లాగెయ్యడం చాలామందికి ఉండేదే. మెడ పైభాగపు నరాలూ, నుదురూ కణతల నుంచి వచ్చే నరమూ మెదడు అడుగున ఒకేచోట కలుస్తాయి. అందుకే మెడలో పుట్టిన నొప్పి కంటి వెనక పోటుగా తెలియవచ్చు, తలలో మొదలైన మైగ్రేన్ మెడను పట్టెయ్యనూవచ్చు. మరి మీ మెడనొప్పి దేని నిర్వాకం?

తలనొప్పి లేని రోజుల్లో మెడ ఎలా ఉందో గమనించండి. మైగ్రేన్ తగ్గడంతోనే మెడ కూడా తేలికైపోతుంటే, అది చాలావరకు మైగ్రేన్‌లో భాగమే. అలాకాక మామూలు రోజుల్లోనూ బిగుసుకుని ఉండి, కుట్టుమిషన్ ముందో కంప్యూటర్ ముందో కాసేపు కూర్చోగానే నొప్పి మెడలోంచి తలకెక్కుతుంటే, ఫిజియోథెరపిస్టుకి చూపించుకోవడం మంచిది.

వాళ్లు మిమ్మల్ని వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం ఛాతీవైపు పూర్తిగా వంచి, తలను అటూ ఇటూ తిప్పి చూస్తారు. మామూలుగా ఒక్కోవైపు 40 డిగ్రీలకు పైనే తిరుగుతుంది. ఒకవైపు 30 దగ్గరే ఆగిపోతే మెడ పైకీలు బిగుసుకుందేమోనని అనుమానిస్తారు. మెడా తలా కలిసేచోట వేళ్లతో నొక్కి చూస్తారు. "అమ్మో, నాకు ఎప్పుడూ వచ్చే నొప్పి ఇదే!" అని మీరన్నారంటే అదీ ఒక గుర్తే. ఇవన్నీ ఇంట్లో మీరే చేసి చూడకండేం! మెడ టక్కుమనిపించేవాళ్ల జోలికి అసలే పోవద్దు. అరుదుగానైనా రక్తనాళం గోడ చీలే ప్రమాదం ఉంది.

ఫిజియోకి వెళ్తున్నాం కదా అని డాక్టరు రాసిన మందులు మానకండి. అలాగని నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు మింగుతూ నెలలకు నెలలు గడిపితే, ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయి. ఉన్నట్టుండి ఎన్నడూ లేనంత నొప్పి వచ్చినా, మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, జ్వరంతో మెడ వంగకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఈ నెల క్యాలెండర్లో రాయండి: తలనొప్పి ఏ రోజు వచ్చింది, మెడ ఏ రోజు పట్టేసింది, మాత్ర ఎప్పుడు వేసుకున్నారు. అది పట్టుకుని ముందు డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఫిజియో సంగతి ఆ తర్వాత తేల్చుకోండి.