అవ్వ పాటలు

పరిచయం: పూర్వం పాటలు, పద్యాలు తాటాకుల మీద, కాగితాల మీద నిలిచాయి. నేడు అవి కంటికి కనపడని అయస్కాంతపు గుర్తులుగా మారి, అరచేతిలో పట్టే పెట్టెలలో దాగి ఉంటున్నాయి. అటువంటి పెట్టె చెడినప్పుడు ఏమి చేయాలో, ఏమి చేయకూడదో ఈ పాఠం తెలుపుతుంది.

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలలో ఎన్నో ఇళ్ళలో తెలుగు వినిపిస్తుంది. సంతలోను, కార్యాలయాలలోను కన్నడం మాట్లాడినవారే ఇంటికి రాగానే తెలుగు మాట్లాడతారు. ఈ తెలుగు పుస్తకాలలో కంటే నోళ్ళలోనే ఎక్కువగా బ్రతికింది. చింతామణి తాలూకా కైవారంలో వెలసిన యోగి నారేయణ, అనగా మనం భక్తితో పిలుచుకొనే కైవార తాతయ్య, తెలుగులోను, కన్నడంలోను తత్త్వాలు, కీర్తనలు రచించారు. భజన మందిరాలలో, ఇంటి అరుగుల మీద ఆ తత్త్వాలు పాడేవారు నేటికీ ఉన్నారు.

బాగేపల్లి తాలూకాలోని ఒక పల్లెలో అటువంటి అవ్వ ఒకామె ఉండేది. ఆమెకు చదువు రాదు. కాని తత్త్వాలు, విసురురాతి పాటలు, నాట్ల పాటలు, పెళ్ళి పాటలు ఎన్నో నోటికి వచ్చు. ఎనిమిదవ తరగతి చదివే మనుమరాలు రోజూ సాయంత్రం అవ్వ దగ్గర కూర్చొని, ఆమె పాడుతూ ఉంటే ఫోనులో రికార్డు చేసేది. అలా రెండేళ్ళలో 62 పాటలు చేరాయి. ఫోనులో చోటు చాలక, నాయన వాటిని ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోకి మార్చాడు. ఫోనులో ఉన్నవాటిని చెరిపివేశాడు. కొన్నాళ్ళకు ఆ ఫోనూ పాడయింది. మరుసటి సంవత్సరం అవ్వ కన్నుమూసింది.

సంవత్సరీకం నాడు అవ్వ పాటలు అందరికీ వినిపించాలని మనుమరాలు డిస్కును కంప్యూటరుకు తగిలించింది. ఫోల్డరు తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. మొదటి పాట సగంలో ఆగిపోయింది. రెండవసారి తగిలిస్తే, “ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలి” అన్న సూచన తెర మీద కనిపించింది. ఆ అమ్మాయి గుండె గుభేలుమంది.

ఊరిలో తలా ఒక మాట చెప్పారు. ఫార్మాట్ చేస్తే బాగవుతుందని ఒకరన్నారు. మూత విప్పి దుమ్ము తుడవమని ఒకరన్నారు. ఒక రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పని చేస్తుందని ఇంకొకరు చెప్పారు. నాయనకు ఏమీ తోచలేదు. చింతామణిలో కంప్యూటరు పాఠాలు చెప్పే తమ్ముడికి ఫోను చేశాడు.

“అన్నా! ముందు ఆ డిస్కును కంప్యూటరు నుండి తీసెయ్యి. ఫార్మాట్ చెయ్యొద్దు. మూత విప్పొద్దు. మళ్ళీ మళ్ళీ తగిలించి చూడొద్దు. మెత్తని గుడ్డలో చుట్టి తీసుకురా” అన్నాడు తమ్ముడు.

మరునాడే తండ్రీ కూతుళ్ళు చింతామణికి వెళ్ళారు.

“చిన్నాయనా! పాటలన్నీ పోయినట్లేనా?” అని ఆ అమ్మాయి కన్నీళ్ళతో అడిగింది.

“పోయినవి ఏవో, ఉన్నవి ఏవో ఇంకా మనకు తెలియదమ్మా! తెలిసేదాకా తొందరపడకపోవడమే మన పని. నిదానమే ప్రధానమని వినలేదా?” అని చిన్నాయన పాత డిస్కు ఒకటి తెచ్చి, దాని మూత విప్పి చూపించాడు. అది ఇక పనికిరాని డిస్కు కాబట్టి విప్పడంలో నష్టం లేదు.

విద్యార్థులారా! ఆ పెట్టెలో ఏముందో మనమూ చూద్దాం. లోపల అద్దంలా మెరిసే గుండ్రని పళ్ళెం ఉంటుంది. కొన్నింటిలో ఒకదానిపై ఒకటిగా రెండు మూడు పళ్ళాలు ఉంటాయి. వాటి మీద అయస్కాంత గుణం గల పలుచని పూత ఉంటుంది. మన పాటలు, చిత్రాలు, వ్రాతలు అన్నీ ఆ పూతలో చిన్న చిన్న అయస్కాంతపు గుర్తులుగా ఉంటాయి. పళ్ళెం నిమిషానికి 5,400 సార్లు, అంటే సెకనుకు 90 సార్లు తిరుగుతుంది. కొన్ని డిస్కులలో ఇంకా వేగంగా తిరుగుతుంది. ఒక సన్నని చేయి చివర ఉన్న ‘హెడ్’ అనే భాగం పళ్ళెం మీద అటూ ఇటూ కదులుతూ ఆ గుర్తులను చదువుతుంది, వ్రాస్తుంది. అది పళ్ళాన్ని తాకదు. దానికీ పళ్ళానికీ మధ్య ఉన్న ఎడం కంటే తల వెంట్రుక మందం వేల రెట్లు ఎక్కువ! ఇక చిన్న దుమ్ము కణం పడినా, తిరుగుతున్న డిస్కు చేయి జారినా ఏమవుతుందో ఊహించండి. హెడ్ పళ్ళానికి తగిలి పూతను గీకివేస్తుంది. గీకుపడిన చోట ఉన్న సమాచారాన్ని ఎవరూ తిరిగి తేలేరు. అందుకే ఇంట్లో మూత విప్పరాదు. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే లోపల చెమ్మ చేరి ఉన్నది కూడా చెడుతుంది.

“మరి ఫార్మాట్ చేస్తే ఏమవుతుంది?” అని అడిగింది అమ్మాయి.

చిన్నాయన బల్ల మీది పుస్తకం తీసి విషయసూచిక చూపించాడు. “డిస్కులోనూ ఇటువంటి సూచిక ఉంటుంది. ఏ ఫైలు ఏ చోట ఉందో అందులో వ్రాసి ఉంటుంది. మనం ఒక ఫైలును చెరిపితే సాధారణంగా హార్డ్ డిస్కులో సూచికలోని పేరు మాత్రమే పోతుంది. పాఠం ఉన్న పుటలు అలాగే ఉంటాయి. కాని ఆ పుటలు ఖాళీ అనుకొని కంప్యూటరు వాటి మీద కొత్తవి వ్రాస్తే పాతవి శాశ్వతంగా పోతాయి. ఫార్మాట్ అంటే పాత సూచికను తీసి కొత్త సూచిక వేయడం. కొన్ని విధాలైన ఫార్మాట్‌లో పుటలు కూడా చెరిగిపోతాయి. కాబట్టి పోయినవి వెదకాలంటే ఆ డిస్కు మీద కొత్తగా ఒక్క అక్షరం కూడా వ్రాయకూడదు.”

తరువాత ఆయన పనిలోకి దిగాడు. ముందుగా తీగ మార్చి చూశాడు. తీగ చెడినా, డిస్కుకు చాలినంత విద్యుత్తు అందకపోయినా ఇటువంటి లక్షణాలే కనిపిస్తాయి. తీగ మార్చినా ఫలితం లేదు. అప్పుడు డిస్కుకు చెవి ఆనించి విన్నాడు. పళ్ళెం ఒకే తీరుగా తిరుగుతోంది. “టక్, టక్ అని ఆగకుండా చప్పుడు వస్తే హెడ్ చెడిందని అనుమానించాలి. అప్పుడు వెంటనే ఆపి నిపుణులకు ఇవ్వాలి. మన డిస్కు ఇంకా తిరుగుతోంది. అక్కడక్కడ చదవలేకపోతోంది, అంతే” అన్నాడు.

“అయితే బాగుచేసే ప్రోగ్రాము నడుపుదామా?” అన్నాడు నాయన.

“వద్దన్నా! అది డిస్కు మీద వ్రాస్తూ బాగుచేస్తుంది. చావుబ్రతుకుల్లో ఉన్నవాడి చేత బరువు మోయించినట్లవుతుంది. ముందు నకలు, తరువాతే మరమ్మతు.”

ఆయన పాత డిస్కు కంటే పెద్దదైన కొత్త డిస్కు ఒకటి తెచ్చాడు. ‘డీడీ రెస్క్యూ’ అనే ఉచిత ప్రోగ్రాముతో నకలు తీయడం మొదలుపెట్టాడు. ఈ ప్రోగ్రాము ఫైళ్ళ పేర్లు చూడదు. డిస్కును మొదటి నుండి చివరి వరకు చిన్న చిన్న గళ్ళుగా చూస్తుంది. సులభంగా చదవగలిగిన గళ్ళను ముందుగా కొత్త డిస్కులోకి చేరుస్తుంది. మొరాయించిన చోట ఆగిపోక, దాటి ముందుకు పోతుంది. మంచివన్నీ చేరిన తరువాత వెనుకకు వచ్చి, మిగిలిన గళ్ళను మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఏ గడి అందిందో, ఏది అందలేదో ఒక పట్టికలో వ్రాసుకుంటుంది. అందువల్ల నడుమ ఆపి, డిస్కు చల్లారిన తరువాత ఆపిన చోటు నుండే సాగించవచ్చు. పరీక్షలో తెలిసిన ప్రశ్నలకు ముందుగా జవాబులు వ్రాసి, కఠినమైనవాటిని చివరకు ఉంచే తెలివైన విద్యార్థి పద్ధతి ఇదే కదా!

రెండు రోజులకు నకలు ముగిసింది. చిన్నాయన పాత డిస్కును తీసి పక్కన పెట్టాడు. ఇక వెదుకులాటంతా నకలులోనే. సూచిక ఉన్న భాగం బాగా దెబ్బతిన్నది. కాబట్టి ‘ఫోటోరెక్’ అనే మరో ఉచిత ప్రోగ్రామును నడిపాడు. పేరులో ఫోటో ఉన్నా అది పాటలను కూడా వెదకగలదు. ప్రతి రకం ఫైలుకూ మొదట్లో ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తులను పట్టుకొని, సూచిక లేకపోయినా ఫైళ్ళను గుర్తిస్తుంది. దొరికినవాటిని పాత డిస్కులో కాక వేరొక చోట ఉంచుతుంది. అయితే ఫైళ్ళకు మనం పెట్టిన పేర్లు మాత్రం తిరిగి రావు.

అలా 57 పాటలు పూర్తిగా దొరికాయి. మూడు పాటలు సగంలో తెగిపోయాయి. రెండు పాటలు దొరకనే లేదు. పేర్లు లేని ఆ పాటలను గుర్తించడానికి, అవ్వతో కలిసి నాట్లు వేసిన పక్కింటి జేజిని పిలిచారు. ఆమె ఒక్కొక్క పాట వింటూ, ఇది పెళ్ళికూతురిని చేసే పాట, ఇది తాతయ్య తత్త్వం అని చెబుతూ ఉంటే ఆ అమ్మాయి నోటుపుస్తకంలో వ్రాసుకుంది. తెగిపోయిన ఒక పాట దగ్గర జేజి ఆగలేదు. తానే మిగిలిన చరణాలు పాడింది. అమ్మాయి వెంటనే రికార్డు చేసింది. తక్కిన రెండు పాటల చివరి చరణాలు జేజికి కూడా తెలియవు. అవి అవ్వతోనే పోయాయి.

చెడిన ప్రతి డిస్కు ఇలా ఇంట్లోనే లొంగదు. అప్పుడు నిపుణుల ప్రయోగశాలలే దిక్కు. దుమ్ము లేని గదిలో మూత విప్పి, చెడిన భాగాలు మార్చి వారు సమాచారాన్ని చదువుతారు. వారు సాధించిన ఒక గొప్ప విజయం తెలుసుకోండి. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా అంతరిక్షనౌక భూమికి తిరిగి వస్తూ ముక్కలైపోయింది. మన దేశంలో పుట్టిన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములు మరణించారు. ఆ నౌకలో జెనాన్ వాయువుపై జరిపిన ప్రయోగపు ఫలితాలు గల హార్డ్ డిస్కు ఒకటి శిథిలాలలో మాడిపోయి దొరికింది. నిపుణులు పళ్ళాలను శుభ్రపరచి, మరొక డిస్కు పెట్టెలో అమర్చి చదివారు. దాదాపు 99 శాతం సమాచారం తిరిగి వచ్చింది. ఆ ప్రయోగ ఫలితాలు 2008లో ప్రచురితమయ్యాయి. పళ్ళాలకు పెద్ద దెబ్బ తగలకపోవడమే ఇందుకు ముఖ్య కారణం.

కాని ఇటువంటి పనికి ఖర్చు ఎక్కువ, ఫలితం అనుమానం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కంటే ముందే నకళ్ళు తీసి ఉంచుకోవడం మేలు. ఈ బుద్ధి కొత్తది కాదు. మన ప్రాంతపు రాతి శాసనాలను చూడండి. బి.ఎల్. రైస్ అనే పండితుడు వాటి పాఠాలను సేకరించి, 1905లో ‘ఎపిగ్రాఫియా కర్ణాటికా’ పదవ సంపుటంలో అచ్చువేయించాడు. నాటి కోలారు జిల్లాలో చేరి ఉన్న చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల శాసనాలు అందులో ఉన్నాయి. వాటిలో తెలుగు శాసనాలూ ఉన్నాయి. ఆ తరువాత ఏ రాయి విరిగినా, ఏ రాయి గోడలో కలిసిపోయినా, దాని మీది మాట మాత్రం పోదు. రాయికే నకలు కావలసి వచ్చినప్పుడు హార్డ్ డిస్కుకు అక్కరలేదా?

నిపుణులు చెప్పే సులభ సూత్రం ఒకటి ఉంది. ముఖ్యమైన సమాచారం మూడు ప్రతులుగా ఉండాలి. అవి రెండు రకాల సాధనాలలో ఉండాలి. కనీసం ఒక ప్రతి మరొక ఊరిలోనో, ఇంటర్నెట్ భాండాగారంలోనో ఉండాలి. ఫోనులోని పాటలను డిస్కులోకి ‘మార్చడం’ వేరు, ‘నకలు తీయడం’ వేరు. మార్చిన తరువాత కూడా ఉండేది ఒక్క ప్రతే. నాయన చేసిన పొరపాటు అదే.

ఇప్పుడు అవ్వ పాటలు ఒక ప్రతి ఇంట్లోని కొత్త డిస్కులో, ఒక ప్రతి బెంగళూరులోని మేనత్త ఇంట్లో, ఒక ప్రతి ఇంటర్నెట్‌లో ఉన్నాయి. ఆ అమ్మాయి నోటుపుస్తకంలో పాటల మాటలు తెలుగు అక్షరాలలో ఉన్నాయి. ఇవి కాక మరొక ప్రతి కూడా తయారవుతోంది. ప్రతి సాయంత్రం జేజి పక్కన కూర్చొని ఆ అమ్మాయి ఒక్కొక్క పాటే నేర్చుకుంటోంది.

పదాలు - అర్థాలు

నకలు = ప్రతి, మూలం వంటి మరొకటి
ఎడం = మధ్యనున్న ఖాళీ, దూరం
మొరాయించు = కదలక మొండికెత్తు
సంవత్సరీకం = చనిపోయిన ఏడాదికి జరిపే కర్మ
వ్యోమగామి = అంతరిక్షంలో ప్రయాణించే వ్యక్తి
శిథిలాలు = విరిగి పాడైన భాగాలు
భాండాగారం = వస్తువులు భద్రపరచే చోటు

అభ్యాసము

అ) ఒక్కొక్క వాక్యంలో జవాబులు వ్రాయండి.
1. కైవార తాతయ్య ఏ ఏ భాషలలో రచనలు చేశారు?
2. హార్డ్ డిస్కులో సమాచారం ఏ రూపంలో ఉంటుంది?
3. బి.ఎల్. రైస్ మన ప్రాంతపు శాసనాలను ఏ సంవత్సరంలో అచ్చువేయించాడు?

ఆ) నాలుగైదు వాక్యాలలో జవాబులు వ్రాయండి.
1. చెడిన డిస్కు మీద కొత్తగా ఏమీ ఎందుకు వ్రాయకూడదు?
2. డీడీ రెస్క్యూ పని చేసే పద్ధతిని తెలివైన విద్యార్థితో ఎందుకు పోల్చారు?
3. నాయన చేసిన పొరపాటు ఏమిటి? దాని వలన ఏమయింది?

ఇ) ఈ మాట ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారు?
“ముందు నకలు, తరువాతే మరమ్మతు.”

ఈ) క్రింది పదాలను విడదీసి సంధి పేరు వ్రాయండి.
పాటలన్నీ, ఏమయింది, మేనత్త

ఉ) చేసి చూడండి.
మీ ఇంటిలోని పెద్దలను అడిగి ఒక పాట వ్రాసుకోండి. వీలైతే వారి గొంతును రికార్డు చేయండి. ఆ పాట ఏ మూడు చోట్ల భద్రపరిచారో తరగతిలో చెప్పండి.