నారుకు ఇన్ని నీళ్లా పాపా!

చిరంజీవి పాపకు బుక్కరాయసముద్రం నుంచి మీ పెద్దనాయన ఆశీస్సులు.

రెండంగుళాలు లేచిన టమాటా నారు ఒక్క రాత్రిలో మొదలు దగ్గర మెత్తబడి వాలిపోయిందని, ఇక మిద్దెతోట మన వల్ల కాదని రాశావు. రోజుకు మూడు పూటలా నీళ్లు పోశానని కూడా రాశావు. ఆ ముక్క దగ్గరే మీ పెద్దనాయన జాబు పక్కన పెట్టి, మీ పెద్దమ్మను కేకేశాడు. ఏడాది వాన 550 మిల్లీమీటర్లు దాటితే చాలనుకునే సీమ పిల్ల నారును నీళ్లు పోసి చంపిందట!

తిట్టడం కాదు పాపా. కరువు చూసిన వాళ్లకు నీళ్లు దొరికితే చెయ్యి ఆగదు.

దాన్ని నారుకుళ్లు తెగులు అంటారు. పిథియం లాంటి బూజులు మట్టిలోనే కాచుకుని ఉంటాయి. ఆరని తడి, గాలాడని ఒత్తు నారు కనిపిస్తే మొదలు పట్టేస్తాయి. వాలిపోయిన మొక్క మళ్లీ లేవదు, పీకి పారెయ్. మిగిలిన వాటికి లీటరు నీళ్లలో 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిసేలా పొయ్యి. ఆ తర్వాత నీళ్ల డబ్బా దాచెయ్. ఈసారి విత్తే ముందే గింజలకు ట్రైకోడెర్మా పట్టించు. కిలోకు 4 గ్రాములు లెక్క, నీ చారెడు గింజలకు చిటికెడు చాలు.

మీ జేజినాయన చెరువు కింద వంగ, మిరప నారు పోసేటప్పుడు మడిని జానెడు ఎత్తు లేపేవాడు. గింజలకు చీమలు పట్టకుండా బూడిద కలిపి, మొలకెత్తేదాకా పైన వరిగడ్డి కప్పేవాడు. నీళ్లు పక్క కాలువలోనే పారాలి, మడి మీద ఎవరైనా చెంబు వంచితే ఇల్లెగిరిపోయేది. పండమేరుకు అడ్డంగా 14వ శతాబ్దంలో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు కట్టించిన చెరువు మనది. ఆ కట్ట నిలవడానికి ప్రాణమిచ్చిన ముసలమ్మ కథనే కట్టమంచి రామలింగారెడ్డి కావ్యం చేశాడు. సాయంత్రం ఆ కట్ట మీద నడుస్తూ మీ జేజినాయన ఆ కథ చెబుతుంటే, మీ నాయన ఆయన భుజాల మీదే నిద్రపోయేవాడు. సరే, నీళ్ల దగ్గరికే వద్దాం.

మన ఎర్రనేలలో నీళ్లు నిలవవు. పైగా ఆషాఢం గాలి. ఆ గాలిని నమ్ముకునే రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టారు. ఇక్కడ పొద్దున తడిపిన మడి మధ్యాహ్నానికే ఆరుతుంది. నువ్వు ట్రేలో నింపింది కొబ్బరి పొట్టు. అది తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్లు తాగి పట్టుకుంటుంది. పైన ఎండినట్టు కనబడినా అడుగున బురదే. ఇక్కడి అలవాటు హైదరాబాదు మిద్దె మీద పనికిరాదు. పైపైన చూడొద్దు, ట్రే ఎత్తి చూడు. తేలిగ్గా ఉంటేనే పొద్దున పూట చిల్లుల డబ్బాతో తడుపు. పొట్టు ఎప్పుడూ పిండిన గుడ్డలా ఉండాలి. ట్రే అడుగు రంధ్రాలు మూసుకుపోయాయేమో కూడా చూడు, కింద పళ్లెం పెట్టావంటే మళ్లీ అదే కథ.

మళ్లీ విత్తేటప్పుడు ట్రేలో గుంటకొక గింజ, అర సెంటీమీటరు లోతు. తెల్లదోమ ఆకుముడత వైరస్‌ను మోసుకొస్తుంది కాబట్టి పైన సన్న కన్నుల వల కప్పు. టమాటా నారు 25–30 రోజులకు, మిరప 35–40 రోజులకు నాటడానికొస్తుంది. నాటే ముందు వారం నీళ్లు ఇంకా తగ్గించు, నారు గట్టిపడుతుంది. చూశావా, చివరికి కూడా నీళ్లు తగ్గించడమే! సొర, బీర, చిక్కుడుకు నారు గొడవ వద్దు, కుండీలోనే విత్తెయ్.

ఇన్ని చెప్పాక కూడా నారు వాలితే బెంగపడి అన్నం మానకు. మొదలు కనబడేలా ఫోటో తీసి పంపు. రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం మన మండలంలోనే ఉంది, మీ పెద్దనాయన తీసుకెళ్లి చూపించి అడుగుతాడు.