దుబాయ్ డిస్కు ఆడకపోతే…

ప్రశ్న: మా బావ దుబాయ్‌ల కొన్న ఒరిజినల్ సినిమా డీవీడీలు తెచ్చిండు. కంప్యూటర్‌ల పెడితే రీజియన్ తప్పని వస్తున్నది. నిజామాబాద్‌ల షాపాయనను అడిగితే ‘లాక్ తీసిస్త గానీ కేసయితే నాకు సంబంధం లేదు’ అంటున్నడు. తీయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, మాక్లూర్

జవాబు: డిస్కు చెడిపోలేదు, మీ బావ మోసపోనూ లేదు. సినిమా కంపెనీలు ప్రపంచాన్ని రీజియన్లుగా పంచుకున్నాయి. దుబాయ్‌ది 2, మనది 5. కవరు వెనక చిన్న భూగోళం బొమ్మలో ఆ అంకె ఉంటుంది. ముందు కంప్యూటర్ డ్రైవ్ సెట్టింగుల్లోకి వెళ్లి రీజియన్‌ను 2కి మార్చి చూడండి. అందులో ఏ తప్పూ లేదు. కాకపోతే మార్చే అవకాశం ఐదుసార్లే. ఐదోసారి పెట్టిన అంకె అలాగే ఉండిపోతుంది. విండోస్ మళ్లీ వేసినా పోదు, ఆ లెక్క డ్రైవ్‌లోనే ఉంటుంది మరి.

ఇక లాక్ సంగతి. 2012 సవరణతో కాపీరైట్ చట్టంలోకి 65ఎ సెక్షన్ వచ్చింది. రెండేళ్ల దాకా జైలు, జరిమానా. అయితే హక్కులను ఉల్లంఘించాలన్న ఉద్దేశంతో లాక్ తీసినవారికే ఆ శిక్ష. కొనుక్కున్న సినిమాను ఇంట్లో చూసుకోవడం ఉల్లంఘన కాదు. సొంత వాడుకకు 52వ సెక్షన్ కూడా చోటిచ్చింది. అమెరికా 1998లో చేసిన చట్టం ఇంత దయ చూపలేదు. ‘ఉద్దేశం’ అన్న షరతు పెట్టడం మనవాళ్లు చేసిన మంచి పని అని నా అభిప్రాయం.

షాపాయన భయం పూర్తిగా ఉత్తది కాదు. ఇంకొకరికి లాక్ తీసిపెట్టేవారు తీయించుకున్నవారి పేరు, చిరునామా, ఎందుకు తీశారో రాసి ఉంచాలని అదే సెక్షన్ చెబుతోంది. కాబట్టి ఆయన రిజిస్టర్ తెరిస్తే విసుక్కోకండి. ఏమీ రాసుకోకుండా తీసిస్తానంటేనే అనుమానించాలి.

ఆ సినిమాను పెన్‌డ్రైవ్‌లలో ఎక్కించి ఊళ్లో అమ్మితే మాత్రం 63వ సెక్షన్: ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. లాభం కోసం కాదని తేలితే కోర్టు శిక్ష తగ్గించవచ్చు, కానీ నేరం నేరమే.

ఇక్కడి షాపులో కొన్న డిస్కే ఆడకపోతే దారి వేరు. ముందు మార్చి ఇవ్వమని అడగండి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అప్పటికీ కాకపోతే రెండేళ్లలోపు నిజామాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. సరుకు ధర 5 లక్షలు దాటకపోతే ఫీజు ఉండదు, వకీలును పెట్టుకోవాలన్న నియమమూ లేదు. బిల్లు, డిస్కు కవరు పారేయకండి.