ఆరోగ్య పాఠము: మానాలన్న మనసు



“మావారికి మానాలని లేదండీ, వైద్యం చేయించి ఏం లాభం?” తాగుడుకు బానిసైనవారి ఇళ్ళలో తరచుగా వినిపించే మాట ఇది.

యోహాను సువార్త 5వ అధ్యాయం చూడండి. బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్ళుగా వ్యాధితో పడివున్న మనిషిని, స్వస్థపడగోరుచున్నావా అని ప్రభువు అడిగారు. ఆ మనిషి అవుననలేదు, కాదనలేదు. తనను కోనేటిలో దించేవారు లేరన్నాడు. ప్రభువు ఆయనను గద్దించలేదు. తాగుడులో ఉన్నవారి జవాబు కూడా ఇలాగే ఉంటుంది. మానాలనీ ఉంటుంది, తాగాలనీ ఉంటుంది, రెండూ ఒక్క పూటలోనే.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విలియం మిల్లర్ 1983లో రాసిన వ్యాసంతో మొదలైన వైద్య పద్ధతి ఒకటుంది. మనం మానమని వాదించేకొద్దీ రోగి తాగుడు పక్షాన వాదిస్తాడు. తన నోట తాను చెప్పుకున్న కారణమే అతణ్ణి కదిలిస్తుంది.

కనుక రాత్రి మత్తులో ఉన్నప్పుడు “సిగ్గు లేదా” అని తిట్టడం కంటే, ఉదయం నెమ్మదిగా అడగండి: “ఏమండీ, దీనివల్ల మీకు ఇబ్బందిగా ఉన్నదేమిటి?” “కూలి డబ్బు నిలవటం లేదు” అంటే అక్కడ ఆగి వినండి. ప్రసంగం మొదలుపెట్టకండి. (మన సంఘాల్లో ఈ అలవాటు కాస్త ఎక్కువే!)

నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీల పోరాటంతో ఊపందుకున్న ఉద్యమం వల్ల 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చింది. 1997లో దానిని ఎత్తివేశారు. ఆ స్త్రీల పోరాటం ఎన్నో ఇళ్ళకు మేలు చేసింది. కానీ దుకాణం మళ్ళీ తెరిచిన రోజున మనిషిని ఆపేది అతని సొంత కారణమే.

కొందరు ఇల్లాళ్ళు తెలియకుండా కూరలో మందు కలుపుతారు. దయచేసి అలా చేయవద్దు. డైసల్ఫిరం వేసుకున్న మనిషి మద్యం తాగితే వాంతులై, బి.పి. పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. రోగి ఒప్పుకున్నాక, డాక్టరు పర్యవేక్షణలోనే ఆ మందు వాడాలి.

ఒట్టు సంగతీ అంతే. రోజూ బాగా తాగేవారు ఇంట్లో ఒక్కసారిగా మానేస్తే ఒకటి రెండు రోజుల్లో వణుకు, ఫిట్స్, ఆ తరువాత మతిభ్రమ రావచ్చు. నిర్ణయం మంచిదే, ఆసుపత్రిలో ఉండి మానాలి.

ఆదివారం సాక్ష్యం చెప్పి బుధవారం తాగినవారిని వెలివేయకండి. ఆ రోజు చేతికి డబ్బు అందిందా, తోడు ఎవరున్నారు, ఇంట్లో గొడవైందా అని అడగండి. తరువాతి చికిత్సకు ఆ జవాబులే కావాలి.

ఆయన ఆసుపత్రికి రానంటే భార్యగానీ తల్లిగానీ ముందుగా వచ్చి మాట్లాడవచ్చు. రాలేనివారు కేంద్ర ప్రభుత్వ ఉచిత ఫోను 14446కు చేయండి.