నడుము మీద చేతులు పెట్టుకున్న బొమ్మ

టర్కీ దేశంలో పల్లె ఆడవాళ్ళు తివాచీలు నేస్తారు. వెనకటి రోజుల్లో వాళ్ళలో చాలామందికి చదువు రాదు. అయినా మనసులోని మాటను నేతలో చెప్పారు.

నడుము మీద చేతులు పెట్టుకున్న ఆడమనిషి బొమ్మ ఒకటుంది. దాని పేరు 'ఎలిబెలిందే'. అది తల్లికి గుర్తు. కన్ను బొమ్మ నేస్తే దిష్టి తగలదని నమ్మకం.

బుర్సా పట్టణం పట్టుకు, ముఖమల్ గుడ్డకు పేరుపడింది. 400 ఏళ్ళ కిందటే అక్కడ దిండు గలీబుల మీద తులిప్ పూలు నేసేవారు.

ఇప్పుడు ఈ బొమ్మలూ పూలూ కర్టెన్ల మీద, సోఫా గుడ్డల మీద కనిపిస్తున్నాయి. మిల్లుల్లో అచ్చు వేస్తున్నారు. మిల్లు గుడ్డ తొందరగా తయారవుతుంది, చవక. చేత్తో ఒక తివాచీ నేయాలంటే నెలలు పడుతుంది.

మరి నేసే ఆడవాళ్ళ గతేమిటి?

రసాయన రంగులు వచ్చాక పాత రంగుల పని చాలామంది మరిచిపోయారు. ఆ కొత్త రంగులేమో వెలిసిపోయేవి. 1981లో 'దోబాగ్' అనే పథకం మొదలైంది. వేళ్ళతో ఎరుపు, నీలిమందుతో నీలం వేయడం మళ్ళీ నేర్పారు. తర్వాత ఒకచోట ఆడవాళ్ళే సహకార సంఘం పెట్టుకున్నారు. వాళ్ళ తివాచీలు విదేశాల్లో అమ్ముడుపోయాయి. కష్టానికి తగిన డబ్బు వచ్చింది.

ఆలోచించండి: మీ ఊళ్ళో ఆడవాళ్ళు చేసే చేతిపని ఏది? దాని డబ్బు ఎవరి చేతికి వస్తోంది?