అవటు గ్రంథి: పుట్టుకకు ముందే ఏర్పడు కొలత

కంఠమున శ్వాసనాళమునకు ముందు రెండు తమ్మెలుగా అమరియుండు అవటు గ్రంథిని వ్యవహారమున థైరాయిడ్ అందురు. ఇది స్రవించు థైరాక్సిన్ అను హార్మోను శరీరపు వేడిమిని, గుండె వేగమును, శిశువు మెదడు పెరుగుదలను నడుపును. ఆ హార్మోను నిర్మాణమునకు అయోడిన్ అత్యవసరము.

సముద్రము నడుమ నుండు అండమాను నికోబారు దీవులలో అయోడిన్ లోపమేల కలుగునని సందేహము పొడమవచ్చును. సముద్రజలమున అయోడిన్ కలదు. కాని యేటేట సుమారు 3000 మిల్లీమీటర్లు కురియు వాన నేలలోని అయోడిన్‌ను కడిగివేయును. సముద్రజలమును ఎండించి తీసిన గల్లుప్పులో సైతము సహజముగా మిగులునది మిక్కిలి స్వల్పము. 1990 దశకమున ఈ దీవుల పాఠశాల బాలబాలికలలో గలగండము కానవచ్చుటకు లోపమే కారణము. 2011 జనాభా లెక్కల ప్రకారము దీవులలో సుమారు 13 శాతము జనులకు తెలుగు మాతృభాష. కావున ఇది తెలుగువారి యింటి ప్రశ్న కూడ.

గలగండము కంటికి కనబడును. కంటికి కనబడని వేఱొక ఫలితము కలదు. రక్తమున థైరాక్సిన్ తగ్గినచో, మెదడు అడుగుననున్న పీయూష గ్రంథి టి.ఎస్.హెచ్. అను ప్రేరకమును పంపి అవటు గ్రంథిని పనికి పురికొల్పును. హెచ్చినచో ప్రేరకమును తగ్గించును. ఎంత యున్నచో చాలునని నిర్ణయించు ఈ కుంచము వ్యక్తి వ్యక్తికిని కొంత భిన్నము. అది వంశగుణముచేతనే గాక, పుట్టుకకు ముందటి అనుభవముచేతను ఏర్పడునని పరిశోధనలు తెలుపుచున్నవి.

గర్భస్థ శిశువు అవటు గ్రంథి సుమారు పండ్రెండవ వారమున పని ప్రారంభించును. ఇరువదవ వారమువఱకు తగినంత స్రవింపజాలదు. అంతవఱకు తల్లి థైరాక్సిన్‌యే ఆధారము. అది మిక్కిలి కొఱవడినచో వినికిడికిని బుద్ధివికాసమునకును కలుగు హాని తరువాతి మందుతో పూర్తిగా తీరదు.

అధికమైనను జాడ మిగులును. 1970 దశకపు ప్రయోగములలో, పుట్టిన తొలిదినములలో థైరాక్సిన్ అధికముగా పొందిన ఎలుకలకు పెద్దవైన పిమ్మట టి.ఎస్.హెచ్. తగ్గియుండెను. మానవులయందు దీనికి తార్కాణము మఱియొక దీవుల సముదాయమున లభించినది. పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవులలో ఒక కుటుంబమున జన్యులోపముచేత కొందఱు తల్లులకు థైరాక్సిన్ అధికముగా నుండును. లోపము సంక్రమింపకపోయినను ఆ గర్భమున పెరిగినవారిని, లోపము లేని తల్లులకు పుట్టిన బంధువులతో పోల్చి 2017లో ఫలితములు ప్రకటించిరి. పెద్దవయస్సున హార్మోను నిచ్చి చూడగా, మొదటివారిలో టి.ఎస్.హెచ్. తగినంత అణగలేదు. అట్టి గర్భమున పెరిగిన చుంచెలుకల పీయూష గ్రంథిలో హార్మోనును నిర్వీర్యము చేయు ఎంజైము హెచ్చియుండెను. చిన్ననాడు వెల్లువను తట్టుకొనుటకు కట్టిన గట్టు, వెల్లువ తీసిన పిదపను నిలిచిన ట్లిది.

అజోర్స్ ఫలితమును అండమానులోని లోపమునకు యథాతథముగా అన్వయింపరాదు; అక్కడ ఆధిక్యము, ఇక్కడ లేమి. అయినను రెండింటి బోధ యొక్కటే: ప్రౌఢుని రక్తపరీక్షలో కానవచ్చు అంకె వెనుక అతని తల్లి గర్భకాలము దాగియుండవచ్చును.

కర్తవ్యము స్పష్టము. గర్భిణికి దినమునకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ వలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయము. భారతదేశమున 1962లో ఆరంభమైన గలగండ నివారణ కార్యక్రమము అయోడిన్ ఉప్పుపై ఆధారపడినది; వినియోగదారుని చేరునాటికి అందు పదిలక్షల పాళ్లకు కనీసము 15 పాళ్ల అయోడిన్ ఉండవలెను. దీవుల తేమగాలికి ఉప్పు చెమర్చి అయోడిన్ తఱుగును గనుక మూతగట్టిన పాత్రయం దుంచుట మేలు. థైరాక్సిన్ మాత్రలు వాడు గర్భిణి తనంత తాను వానిని మానరాదు, హెచ్చింపరాదు. నవజాత శిశువునకు తొలిదినములలోనే రక్తపరీక్ష జరిపి, లోపమున్నచో రెండు వారములలోపల చికిత్స ఆరంభించిన బుద్ధిమాంద్యమును నివారింపవచ్చును. పెద్దయైన పిమ్మట మందు గ్రంథి కొఱతను పూరింపగలదు. మెదడు కోల్పోయిన అదనును మాత్రము మరల తేజాలదు.