జీర్ణోద్ధారణ

ప్రక్రియ: వ్యాసం

పాఠ్యభాగ ఉద్దేశం

వాడి విడిచిన వస్తువులన్నీ పారవేయదగినవి కావు. గుణదోషాలు ఎరిగి ఎన్నుకొని, క్రమం తప్పక సంరక్షించుకొంటే పాత యంత్రం కూడా చిరకాలం సేవ చేస్తుంది. అయితే యంత్రంకంటె అందులో మనం దాచుకొన్న కృషి విలువైనది. ఈ విషయాలను విద్యార్థులకు తెలియజేయడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

శిథిలమైన ఆలయాన్ని చూచినప్పుడు మన పూర్వులు దానిని పడగొట్టి వేరొకటి కట్టాలని తొందరపడేవారు కారు. మొదట పునాదిని పరీక్షించేవారు. అది గట్టిదని తేలితే విరిగిన దూలాన్ని మార్చి, బీటలు వారిన కప్పుకు సున్నం పెట్టి, గర్భగుడిలో మళ్ళీ దీపం వెలిగించేవారు. ఈ కార్యానికే జీర్ణోద్ధారణ అని పేరు. పాత కంప్యూటరును కొని, బాగుచేసి వాడుకోవడం కూడా ఇటువంటిదేనని నాకు కాస్త ఆలస్యంగా, కొంత నష్టపోయిన తరువాత తెలిసింది.

ప్రాచీన కావ్యాలు బోధించే నాకు యంత్రాలతో ఏమి పని అని మీరు అడగవచ్చు. నన్నయ భారత రచనకు ఒక పదసూచిక సిద్ధం చేయాలన్న కోరికతో ఏళ్ళ తరబడి రాత్రివేళల్లో ఒక్కొక్క పదాన్నీ ఇంటి కంప్యూటరులోకి ఎక్కిస్తూ వచ్చాను. 2018వ సంవత్సరంలో ఒకనాటి ఉదయం ఆ యంత్రంలోని హార్డ్ డిస్కు టిక్కు టిక్కుమని చప్పుడు చేసి, ఆ తరువాత పలకడం మానివేసింది. ఆదిపర్వానికి, సభాపర్వానికి సంబంధించిన పుటలు కాగితంపై అచ్చుతీసి ఉంచినందువల్ల మిగిలాయి. అరణ్యపర్వంలో నన్నయ రచించిన భాగానికి తయారుచేసిన సూచిక మాత్రం తిరిగి రాలేదు. రెండో ప్రతి తీసి ఉంచకపోవడం నా తప్పే. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ఏమి ప్రయోజనం?

నా వద్ద చదువుకొని, ఇప్పుడు కంప్యూటర్ల మరమ్మతుతో జీవించే ఒక పూర్వవిద్యార్థి నా విచారం చూచి ఇలా అన్నాడు. “మాస్టారూ, పోయినదాన్ని నేను తెచ్చి ఇవ్వలేను. ఇకమీద పోకుండా ఉండే ఏర్పాటు మాత్రం చేయగలను. కొత్తదానికి అంత డబ్బు పోయకండి. ఆఫీసులవాళ్ళు వాడి తీసేసిన వర్క్‌స్టేషన్ ఒకటి వెతుకుదాం.”

“పాతదే కదా చెడిపోయింది నాయనా! మళ్ళీ పాతదేనా?” అన్నాను.

“పాతవన్నీ ఒకటి కాదండీ. మీరు పాత పుస్తకాలు కొనేటప్పుడు చూసి కొంటారు కదా! ఇదీ అంతే,” అన్నాడతడు.

ఆ మాట నాకు నచ్చింది. వర్క్‌స్టేషన్ అనేది సామాన్య గృహోపయోగానికి కాక ఇంజనీరింగ్ నమూనాలు, చిత్రసంకలనం, శాస్త్రగణనలు వంటి బరువైన పనులకోసం నిర్మించిన కంప్యూటరు. గంటల తరబడి ఎడతెగక పనిచేయడానికి అనువైన విద్యుత్ సరఫరా విభాగం, గాలి ధారాళంగా ఆడే పెట్టె, ఎక్కువ మెమొరీ పలకలు అమర్చే వీలు దీని లక్షణాలు. 2012 ప్రాంతంలో వచ్చిన హెచ్‌పీ జడ్420, డెల్ ప్రెసిషన్ టీ3600, లెనోవో థింక్‌స్టేషన్ ఎస్30 అనేవి ఈ కోవకు చెందినవి. ఈ మూడింటిలోనూ ఇంటెల్ సంస్థవారి జియాన్ ఈ5 తరగతి ప్రాసెసర్లు ఉంటాయి. సంస్థలు కొన్నేళ్ళకొకసారి యంత్రాలను మార్చివేయడంవల్ల ఇటువంటివి పాత సామాను విపణికి చేరుతాయి.

ఈ యంత్రాలలో ఇసీసీ అనే దోషనివారక మెమొరీ అమర్చుకొనే సౌకర్యం ఉంటుంది. సాధారణ మెమొరీ ఒక్కసారికి 64 బిట్లను పంపితే ఇది 72 బిట్లను పంపుతుంది. అదనంగా ఉన్న ఆ 8 బిట్లు కావలివారివంటివి. ఒక బిట్టు తారుమారైతే వాటి సాయంతో యంత్రం తనంతట తానే సరిదిద్దుకొంటుంది. రెండు తారుమారైతే సరిదిద్దలేకపోయినా దోషం ఉన్నదని గుర్తిస్తుంది. లేఖకుని చేతప్పును పక్కనే కూర్చున్న పరిష్కర్త వెంటనే పట్టుకోవడంవంటిది ఈ ఏర్పాటు.

ఇక కొనే విధానం. పెట్టె వెలుపలి నిగనిగలకు మోసపోరాదు. యంత్రాన్ని విక్రేత ఎదుటనే నడిపించి, కనీసం అరగంటసేపు పనిచేయించి చూడాలి. మూత తీయించి లోపలి బోర్డును పరికించాలి. కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నా, వాటినుండి ద్రవం కారిన మరకలు ఉన్నా ఆ యంత్రాన్ని విడిచిపెట్టడమే మేలు. పంకాలు గరగరలాడకూడదు. హార్డ్ డిస్కు తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకొనే స్మార్ట్ అనే పద్ధతి ఒకటి ఉన్నది. ఆ పట్టికలో డిస్కు ఎన్ని గంటలు నడిచిందో తెలుస్తుంది. ఏడాదికి 8,760 గంటలు కాబట్టి, 35,000 గంటలు నడిచిన డిస్కు ఇంచుమించు నాలుగేళ్ళు రాత్రింబవళ్ళు శ్రమించినదని గ్రహించాలి. చెడిన భాగాలకు బదులుగా వేరే భాగాలు కేటాయించిన సంఖ్య అందులో పెరుగుతూ ఉంటే ఆ డిస్కును నమ్మరాదు. మెమ్‌టెస్ట్86 వంటి ఉపకరణంతో మెమొరీని కూడా పరీక్షించవచ్చు.

ధర విషయంలో ఒక హెచ్చరిక. యంత్రం వెల ఒక్కటే లెక్కించరాదు. దానికి కొత్తగా వేయవలసిన డిస్కు, మెమొరీ, యూపీఎస్, రాకపోకల ఖర్చు అన్నీ కలిపి, ఆ మొత్తాన్ని కొత్త కంప్యూటరు ధరతో పోల్చి చూడాలి. విద్యుత్ వ్యయం కూడా మరువరాదు. 120 వాట్లు తీసుకొనే యంత్రం రోజుకు 8 గంటలు నడిస్తే నెలకు దాదాపు 29 యూనిట్లు ఖర్చవుతుంది. ఉత్తరాలు టైపు చేసుకోవడానికి మాత్రమే కంప్యూటరు కావలసినవారికి ఇంత పెద్ద యంత్రం అవసరమే లేదు. పిచ్చుకపై బ్రహ్మాస్త్రం ప్రయోగించినట్లవుతుంది.

కొన్న తరువాత చేయవలసిన మార్పులకు ఒక క్రమం ఉన్నది. మొదటిది డిస్కు. పాత హార్డ్ డిస్కులో తిరిగే పళ్ళెంపై ఒక సూది సమాచారాన్ని వెతుక్కొంటూ పోవాలి. అలా వెతకడానికి సుమారు 10 మిల్లీ సెకన్లు పడుతుంది. కదిలే భాగాలు లేని ఎస్ఎస్‌డీకి అందులో నూరోవంతు చాలు. అందుచేత ఈ ఒక్క మార్పుతోనే పాత యంత్రం చురుకుదనం పుంజుకొంటుంది. రెండవది మెమొరీ. దీనిలో నేనొక పొరపాటు చేశాను. చవకగా దొరికినదని రిజిస్టర్డ్ రకం పలకలు కొని తెచ్చాను. నా యంత్రం అన్‌బఫర్డ్ రకాన్ని మాత్రమే అంగీకరించేది. మీట నొక్కగానే బీప్ బీప్ అని మొరపెట్టడం తప్ప తెరపై ఒక్క అక్షరం కనిపించలేదు. పలకల పొడవు, గాట్లు ఒకేలా ఉన్నంత మాత్రాన స్వభావం ఒకటి కాదు. కొనకముందే తయారీదారు ఇచ్చిన వివరణ పుస్తకం చదవడం అత్యవసరం.

మూడవది ప్రాసెసర్. ఇందులో మరింత సూక్ష్మం ఉన్నది. ఉదాహరణకు హెచ్‌పీ జడ్420 బోర్డులలో బూట్ బ్లాక్ తేదీ 2011 అని ఉన్నవి, 2013 అని ఉన్నవి అని రెండు రకాలు కనిపిస్తాయి. మొదటి రకంలో జియాన్ ఈ5 మొదటి తరం ప్రాసెసర్లే నడుస్తాయి. వి2 అనే గుర్తు గల తరువాతి తరానికి రెండవ రకం బోర్డు కావాలి. మామూలుగా చేసే బయోస్ నవీకరణతో ఈ తేదీ మారదు. చూపులకు కవలలైన రెండు యంత్రాల మధ్య ఇంత భేదం ఉంటుంది. పెద్ద సంస్థల వర్క్‌స్టేషన్లలో విద్యుత్ సరఫరా పెట్టె కూడా తరచుగా ఆ నమూనాకు ప్రత్యేకంగా చేసినదై ఉంటుంది. బజారులో దొరికే సామాన్యమైనది దానికి ఇమడకపోవచ్చు.

సంరక్షణ విషయానికి వస్తే యంత్రానికి ప్రథమ శత్రువు ధూళి. ధూళి పేరుకొంటే గాలి ఆడదు, గాలి ఆడకపోతే వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. కనుక మూడు నాలుగు నెలలకొకసారి విద్యుత్ తీగను పూర్తిగా ఊడదీసి, మెత్తని కుంచెతోను, గాలి ఊదే సాధనంతోను శుభ్రం చేయాలి. ఊదేటప్పుడు పంకా రెక్కలను వేలితో కదలకుండా పట్టుకోవాలి. బోర్డును ముట్టుకొనే ముందు పెట్టె లోహభాగాన్ని తాకితే మన శరీరంలోని స్థిర విద్యుత్తు తొలగిపోతుంది. విద్యుత్ సరఫరా పెట్టెను మాత్రం ఎవరూ ఇంటివద్ద విప్పరాదు. తీగ ఊడదీసిన తరువాత కూడా దానిలో ప్రమాదకరమైన విద్యుదావేశం నిలిచి ఉంటుంది. ప్రాసెసరుకు, దాని శీతలీకరణ దిమ్మెకు మధ్య పూసే లేపనం ఏళ్ళు గడిచేకొద్దీ ఎండిపోతుంది. దానిని తుడిచి కొత్తది పూయాలి. యంత్రం ఆపి తెరచిన ప్రతిసారీ గడియారం వెనుకబడుతుంటే బోర్డుపై ఉన్న సీఆర్2032 అనే 3 వోల్టుల నాణెపు బ్యాటరీ క్షీణించిందని అర్థం. ఎర్తింగ్ సరిగా ఉన్న గోడ సాకెట్టు, మంచి యూపీఎస్ యంత్రానికి ప్రాణాధారాలు.

పాత యంత్రానికి మరొక చిక్కు ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా విభాగం, ఆ సంస్థ ఆమోదించిన ప్రాసెసర్ ఉండాలి. 2012 నాటి యంత్రాలు ఆ జాబితాలో లేవు. అటువంటివాటికి డెబియన్, ఉబుంటు వంటి లినక్స్ రూపాలు చక్కని ఆశ్రయం. నా యంత్రం లినక్స్‌తోనే నడుస్తున్నది. అందులో తెలుగు యూనికోడ్‌లో రాస్తున్నాను. 1991లో వెలువడిన మొదటి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగు లిపికి చోటు దక్కింది. పూర్వం ఒక్కొక్క ఫాంటుకు ఒక్కొక్క సంకేతపద్ధతి ఉన్నందువల్ల ఒక యంత్రంలో రాసిన తెలుగు మరొక యంత్రంలో అర్థంలేని గీతలుగా కనిపించేది. రాసినది పదికాలాలు నిలవాలంటే యంత్రమే కాదు, అక్షరానికి వాడే సంకేతం కూడా నిలిచేదై ఉండాలి.

అన్నింటికంటె ముఖ్యమైనది ప్రత్యంతరం. తాళపత్రాలను చెదలు తింటాయని, తడి చెరుపుతుందని ఎరిగిన మన పెద్దలు ఒక గ్రంథానికి అనేక ప్రతులు రాయించేవారు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు కావ్యాల రాతప్రతులను సేకరించి, పండితులచేత వాటిని పోల్చి చూపించి, శుద్ధప్రతులు రాయించాడు. ఆ శ్రమ లేకుంటే ఎన్ని కావ్యపాఠాలు మనకు దూరమయ్యేవో! కంప్యూటరు విషయంలోనూ అదే ధర్మం. మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు వేర్వేరు సాధనాలలో ఉండాలి. అందులో ఒకటి ఇంటికి వెలుపల ఉండాలి. ప్రతి తీస్తే చాలదు, అది తెరుచుకొంటున్నదో లేదో అప్పుడప్పుడు చూడాలి. తెరుచుకోని ప్రతి ఉన్నా లేనట్టే.

ఎంత సంరక్షించినా యంత్రానికి ఒకనాడు అంత్యకాలం వస్తుంది. మరమ్మతు ఖర్చు యంత్రం విలువను మించినప్పుడు మోహం విడవాలి. దానిని చెత్తకుప్పలో వేయరాదు, పాత ఇనుప సామాను కొనేవారికీ అమ్మరాదు. సీసం వంటి విషపదార్థాలు అందులో ఉంటాయి. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం నమోదైన పునశ్శుద్ధి సంస్థలకు చేర్చాలి. అంతకుముందే డిస్కులోని సమాచారాన్ని పూర్తిగా తుడిచివేయాలి.

పోయిన అరణ్యపర్వ సూచికను నేను మళ్ళీ మొదటి పదం నుండి రాయడం ప్రారంభించాను. మొదటిసారి నా దృష్టినుండి జారిపోయిన పదాలు ఈసారి పట్టుబడుతున్నాయి. రాత్రి పని ముగియగానే మూడు ప్రతులూ తీసి, యంత్రాన్ని ఆపి, దానిపై గుడ్డ కప్పుతాను. ఆ పాత పెట్టె ఎన్నాళ్ళు ఉంటుందో నేను చెప్పలేను. అది రేపు ఆగిపోయినా నా పని ఆగదు.

కఠిన పదాలకు అర్థాలు

జీర్ణోద్ధారణ : పాడైనదాన్ని బాగుచేయడం
విపణి : అంగడి, బజారు
లేఖకుడు : వ్రాసేవాడు
పరిష్కర్త : తప్పులు దిద్దేవాడు
లేపనం : పూత
ప్రత్యంతరం : మరొక ప్రతి

సంధులు

జీర్ణోద్ధారణ = జీర్ణ + ఉద్ధారణ (గుణసంధి)
ప్రాణాధారం = ప్రాణ + ఆధారం (సవర్ణదీర్ఘసంధి)
ప్రత్యంతరం = ప్రతి + అంతరం (యణాదేశసంధి)

సమాసాలు

గుణదోషాలు : గుణమూ, దోషమూ (ద్వంద్వ సమాసం)
తాళపత్రాలు : తాళముయొక్క పత్రాలు (షష్ఠీ తత్పురుష సమాసం)

ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పాత కంప్యూటరును కొనేటప్పుడు పరీక్షించవలసిన అంశాలను వివరించండి.
2. ‘యంత్రంకంటె అందులో దాచుకొన్న కృషి విలువైనది’ అన్న భావాన్ని రచయిత ఎట్లా సమర్థించాడు?

ఆ) కింది ప్రశ్నలకు నాలుగైదు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. దోషనివారక మెమొరీ ప్రత్యేకత ఏమిటి?
2. మెమొరీ కొనడంలో రచయిత చేసిన పొరపాటు ఏది?
3. ధూళివల్ల యంత్రానికి కలిగే హాని ఎట్టిది?

ఇ) మీ ఇంట్లో గాని, కళాశాలలో గాని మరమ్మతు చేయించి వాడుతున్న ఒక పాత వస్తువును గురించి మీ సొంత మాటల్లో రాయండి.